సాలవ్వ పేరుకు నేను పలికిన

సాలవ్వకు అన్యాయం జరిగింది నిజాం సర్కారు లెక్కల 1347 ఫస్లీ, ఖుర్దాద్ నెల 12న. చేసింది నేనే, గంగమణిని.

ఎల్లారెడ్డి అవతల చిన్న తునికి అడివి. ఒక పక్క కూలిన బురుజు, నడుమ ఎవరు తవ్విచ్చిండ్రో తెల్వని మెట్లబావి. ఎండాకాలం బీడీ ఆకు తెంపేందుకు ఏడుగురం పోతం. పొద్దుగూకే యాళ్లకు పెద్దామె భూమక్క ఒక్కొక్కరి పేరు పిలుస్తది. అందరూ "వస్తున్న" అని పలికినంకనే అడివి దాటాలె. ఒకరి పేరుకు ఇంకొకరు పలకొద్దు. అది కట్టడి.

నాలుగు పుస్తకాలు చదివిన పొగరు నాది. కట్టడి అంటే నవ్వేదాన్ని. ఆనాడు సాలవ్వ నీళ్లకని బావికి పోయి ఇంకా రాలే. మబ్బు పట్టింది, నాకు ఇంటికి తొందర. కొంగు నోటికడ్డం పెట్టి, ఆమె సన్న గొంతుతో "వస్తున్న" అన్న.

తెల్లారి చూస్తే సాలవ్వ ఇంట్ల లేదు. "మనతోనే బయటికొచ్చింది. నా చెవులార విన్న," అని భూమక్క ఒట్టు పెట్టింది. ఇగ అడివిల ఎవరు వెతుకుతరు? కామారెడ్డి మోటరు డ్రైవరుతోని లేచిపోయిందన్నరు. ఆమె తల్లి పోచవ్వ ఏడాది తలెత్తలే. ఊరందరినీ దులిపే నా నోరు, ఆ ఒక్క మాటకు లేవలే.

ఈ ఏడాది బిడ్డ బదులు పోచవ్వే ఆకుకొచ్చింది. మళ్లీ అదే తారీకు. పొద్దు గూకుతున్నది, భూమక్క పేర్లు పిలుస్తున్నది. కీచురాళ్లు ఒక్కసారే ఆగినయి. ఈసారి ఎండిపోయిన బావి నుంచి తడి పాచి వాసన...

"గంగమణీ!"

నేను నోరు తెరవలే.

"వస్తున్న..."

బావి దిక్కు నుంచి. నా గొంతు.

"నడువుండ్రి," అన్నది భూమక్క.

పోచవ్వ చెయ్యి పట్టుకున్న. "అవ్వా... పలికింది నేను కాదు."

"నీ గొంతే గదనే, బిడ్డా."

"నిరుడు సాలవ్వ గొంతు కూడా... గట్లనే. అది నేను."

పోచవ్వ చెయ్యి విడిపించుకొని బావికి నడిచింది. వెనకే అందరం దిగినం. విరిగిన మెట్టు కింద మనిషి బొక్కలు, సాలవ్వ గాజులు. పోచవ్వ ఒక్కొక్కటి ఏరి కొంగుల కట్టుకుంది. నన్ను ముట్టనియ్యలే.

అడివి దాటే చోట, పోయేటోళ్లను వచ్చేటోళ్లను లెక్క రాసే జవానును ఈ ఏడే పెట్టిండ్రు. ఉర్దూ అంకెలు నాకొస్తయి. రిజిస్టరు లోపలికి తొంగి చూసిన.

"తప్పు రాసినవన్నా. మేము ఏడుగురమే."

ఆయన తలెత్తి, మా మీదుగా వెనక్కి చూసిండు.

"చూసే రాసిన."

పోయినోళ్లు 7. వచ్చినోళ్లు 8. ఖుర్దాద్ 12, 1348 ఫస్లీ.