పదో ముద్ర

ఆ పాత జైలు కింద గదిలోకి చీకటి పడ్డాక ఎవరూ దిగరంట. జైలు కాస్తా మ్యూజియం అయిపోయి వందేళ్ళు దాటింది, అయినా ఆ గదికున్న పేరు పోలేదు.

అక్కడ ఒక గుమాస్తా ఉండేవాడంట. ఖైదీల విడుదల కాయితాల మీద ముద్ర వెయ్యడం ఆయన పని. ఒకరోజు సాయంత్రం, ఇంకొక్క కాయితం మిగిలుండగా... కుర్చీలోనే పోయాడు. ముద్ర చేతిలోనే ఉంది.

అప్పట్నుంచీ దీపం ఆరితే చాలు — ఠక్... ఠక్...

ఇదంతా మన ఎక్స్‌ప్రెస్‌కి తెలీదు. తెలుసుకునే తీరిక ఎక్కడిది ఆ మహాతల్లికి?

ఎక్స్‌ప్రెస్ అంటే ఆ పరాయి దేశపు ఊళ్ళో అన్న దగ్గరుండి చదువుకుంటున్న అమ్మాయి. వాళ్ళన్న పెట్టిన పేరు అది. బయల్దేరడం జోరుగానే బయల్దేరుతుంది, చేరడమే ఉండదు. ఈత రెండు వారాలు. గిటార్ తొమ్మిది రోజులు. డైరీ అయితే ఒకటిన్నర పేజీ.

ఆ ఊళ్ళో చూడాల్సిన పాత కట్టడాలు పది. ఒక చిన్న పుస్తకం ఇస్తారు, ఒక్కో చోట ఒక్కో ముద్ర మనమే వేసుకోవాలి.

"ఒక్కరోజులో పదీ కొట్టేస్తా" అంది.

"నువ్వా? ఏ పని చివరిదాకా చేశావే నువ్వు?" అన్నాడు అన్న.

నవ్వుతూనే అన్నాడు. కానీ గుచ్చుకుంది. పందెం వేసుకున్నారు — ఓడినవాళ్ళు నెల రోజులు గిన్నెలు తోమాలి.

పొద్దున ఎనిమిదికి కోట. కోట చూసిందా? తలుపు చూసింది, ముద్ర వేసుకుంది, పరుగు. గంటల గోపురానికి మూడొందల మెట్లు. ముద్ర మొదటి మెట్టు పక్కనే ఉందని తెలిసి దేవుడున్నాడు అనుకుంది. రాజుగారి పడగ్గదిలో మంచం వైపు కూడా చూడకుండా "ముద్ర బల్ల ఎక్కడండీ" అని అడిగింది. మధ్యాహ్నం భోజనం ఒక అరటిపండు, అదీ సమాధుల మధ్య నడుస్తూ.

తొమ్మిది అయిపోయాయి. మిగిలింది జైలే.

వెళ్ళేసరికి, మూసేసే ఐదింటికి ఇంకా పది నిమిషాలే. చలికాలం, అప్పటికే చీకటి. టికెట్లిచ్చే ఆవిడ తాళం వెయ్యడానికి సిద్ధంగా నిలబడింది.

"ముద్ర కింద గదిలో ఉంది. తొందరగా వచ్చెయ్" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అవతలి కుర్చీలో మాత్రం కూర్చోకమ్మా."

ఎందుకని అడిగే టైం ఎక్కడుంది...

కింద ఒక్క బల్ల. ఇవతల నిలబడే చోటు, అవతల ఖాళీ కుర్చీ. బల్ల మీద గొలుసుతో కట్టిన ముద్ర. పుస్తకం తెరిచి పదో గడి మీదకి ముద్ర ఎత్తిందో లేదో —

దీపం ఆరిపోయింది.

చేతిలోంచి ముద్ర జారింది. గొలుసు చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

అప్పుడు, చాలా దగ్గర్లో...

ఠక్.

"ఎవరండీ..." అంది గుసగుసగా. అదీ తెలుగులో. భయమేస్తే ఏ భాష గుర్తొస్తుంది మరి?

జవాబుగా కుర్చీ కిర్రుమంది.

పుస్తకం లాక్కుని ఒకే ఉరుకు. ఎన్ని మెట్లో, ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు.

"కింద ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది పైకొచ్చాక.

"ఎవరూ లేరే. ఇవాళ్టికి నువ్వే ఆఖరు" అంది ఆవిడ తాళం వేస్తూ.

బస్సులో కూర్చున్నాక అప్పుడు గుర్తొచ్చింది. ముద్ర వేసుకోలేదు. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ ఆగిపోయింది. దెయ్యం కంటే ఆ సంగతే ఎక్కువ బాధపెట్టింది.

ఇంట్లో భోజనాల బల్లకి అవతల అన్న, ఇవతల తను. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. తను అటు చూడలేదు.

"ఒప్పుకున్నా. తొమ్మిదే. గిన్నెలు నేనే తోముతా."

అన్న మెడ వంచి చూశాడు. "తొమ్మిదేంటే? పది ఉన్నాయిగా."

"...ఏది?"

"ఇదిగో, తడి కూడా ఆరలేదు." వేలికంటిన సిరా చూపించాడు. "కానీ తిక్కదానా, తొమ్మిదీ నాకు తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఈ పదోదొక్కటే నా వైపుకి తిన్నగా ఉందేంటి?"

తను అప్పుడు చూసింది పుస్తకం వైపు. మెల్లగా అంది —

"అది వేసినాయన... నువ్వు కూర్చున్న వైపు కూర్చున్నాడురా అన్నయ్యా."

అన్న సిరా అంటిన వేలు గబగబా చొక్కాకి తుడుచుకున్నాడు.

"తలకిందుల ముద్ర చెల్లదు" అన్నాడు.

"చెల్లదా? సరే, రేపు సాయంత్రం నువ్వే కిందకి దిగి ఆయన్నడుగు."

అన్న కుర్చీలోంచి లేచాడు. చొక్కా చేతులు మడిచాడు. నెల రోజులు గిన్నెలు తోమాడు — లైటు ఒక్కసారి కూడా ఆర్పకుండా.