పై గొట్టంలోకి నీళ్ళు

"డిస్టిలరీని పేల్చేస్తారు. ఎప్పుడో తెలుసు. ఎలాగో తెలీదు," అన్నాడు చీఫ్ జగన్నాధం.

1968 మార్చి. వాల్తేరులో కిటికీలన్నీ మూసిన గది. ఎదురుగా ఏజెంట్ ఎల్లాజీ. పాలకొండ దిగువన నాగావళి ఒడ్డున కొత్తగా కట్టిన డిస్టిలరీలో సైన్యం కోసం స్పిరిట్ తీయబోతున్నారు. ప్రారంభానికి ఢిల్లీ నుంచి రక్షణ శాస్త్రవేత్తలు వస్తున్నారు. వాళ్ళతో సహా బూడిద చెయ్యడానికి ఒక విదేశీ ముఠా లోపల మనిషిని పెట్టింది. ఎల్లాజీ ఫిట్టర్ వేషంలో వెళ్ళి ఆ మనిషిని పట్టుకోవాలి. ల్యాబ్‌లో కెమిస్టుగా మన మిస్ లీనా ఉంది.

లీనా పేరు వినగానే సగం పని అయిపోయినట్టే అనిపించింది ఎల్లాజీకి. ఆమె అసలు పేరు లక్ష్మణమ్మ, కళింగపట్నం పిల్ల. ఒకసారి చావు నోట్లోంచి అతన్ని లాక్కొచ్చిన పార్ట్‌నర్. ఏదో ఆపరేషన్‌లో మరదలి వేషం వేసిన నాటి నుంచీ అతన్ని బావా అనే పిలుస్తోంది. ఆ పిలుపు నిజమైతే బాగుండునని అతను అనుకునేవాడు. పైకి అనలేదు.

డిస్టిలరీ గేటు దగ్గర జార్జెట్ చీరలో, నల్ల కళ్ళద్దాలతో ఎదురొచ్చింది.

"పొందూరు ఖద్దరు దొరుకుతుందా అమ్మా?"

"రాజాం సంతకి పోవాల," అంది లీనా. కోడ్ కలిసింది.

అతనికి అప్పగించిన పని కండెన్సర్‌కి నీళ్ళు పెట్టడం. బట్టీలో మరిగిన స్పిరిట్ ఆవిరి నిలువెత్తు రాగి కండెన్సర్‌లోకి వస్తుంది. నది నుంచి పంపు తోడే నీళ్ళు దాన్ని చల్లబరిస్తే ఆవిరి స్పిరిట్‌గా దిగుతుంది. నీళ్ళు పై గొట్టంలోంచి లోపలికి పంపమనీ, కింది గొట్టంలోంచి బయటికి వదలమనీ చెప్పింది లీనా. ఎల్లాజీ అలాగే బిగించాడు. ఎందుకని అడగలేదు.

ప్రారంభం రోజు పొద్దున్న షెడ్డుకి దూరంగా బాయిలర్ రాజుకుంది. అతిథులు షెడ్డులోకి వచ్చారు. పూజ కూడా ఉండాలని లీనా పట్టుబట్టిందట. పురోహితుడు హారతి పళ్ళెం సర్దుతున్నాడు. ఎల్లాజీ అందరి ముఖాలూ గాలిస్తున్నాడు. ఘాటైన వాసన ముక్కుకి తగిలింది. కండెన్సర్ మీద చెయ్యి వేశాడు. కింద చల్లగా ఉంది. పైన కాలిపోతోంది.

నీళ్ళు లోపల నిలవడం లేదు. పైనుంచి పడినవి పడినట్టే కిందికి జారిపోతున్నాయి. అడుగున చిల్లున్న కుండ ఎప్పటికి నిండుతుంది? నీళ్ళు కింద నుంచి ఎక్కిస్తేనే కండెన్సర్ నిండేది. చల్లబడని ఆవిరి షెడ్డంతా కమ్ముకుంటోంది.

పురోహితుడు అగ్గిపుల్ల గీయబోయాడు.

ఎల్లాజీ పంపు నుంచి వచ్చే పై రబ్బరు గొట్టం ఊడబెరికి అటు తిప్పాడు. నీళ్ళ ధార అగ్గిపెట్టెనీ, పళ్ళేన్నీ, ఢిల్లీ పెద్దల సూట్లనీ ముంచెత్తింది. మరుక్షణం బట్టీని మరిగించే స్టీమ్ వాల్వ్ కట్టేశాడు. అందరూ బయటికి పరుగెత్తారు.

గుమ్మంలో లీనా ఒక్కతే మిగిలింది. చేతిలో చిన్న పిస్టల్.

"పేల్చు," అన్నాడు ఎల్లాజీ. "ఈ ఆవిర్లో నిప్పురవ్వ పడితే ఇద్దరం పోతాం."

పిస్టల్ నెమ్మదిగా కిందికి దిగింది.

"ఏటి లక్ష్మణమ్మా, నా సేతుల్తోనే సేయించినావా?"

"నువ్వయితే నానేటి సెప్పినా తిరిగి అడగవు గదా బావా."

ఆ మాటలో ఎగతాళి ఉంటే భరించేవాడు. ఉన్నది జాలి. అతను పిస్టల్ తీసుకున్నాడు. ఆమె ఇచ్చేసింది. పోలీసు జీపు ఎక్కేటప్పుడు ఆమె వెనక్కి చూసింది. అతను మాత్రం తన చేతులనే చూసుకుంటూ నిలబడ్డాడు.

వాల్తేరులో చీఫ్ భుజం తట్టి, ఇంకో పార్ట్‌నర్‌ని చూశాననీ, ఎంతో నమ్మకమైన మనిషనీ చెప్పాడు.

"నమ్మకస్తులు వద్దు సార్," అన్నాడు ఎల్లాజీ. "కాస్త అనుమానంగా ఉన్నవాళ్ళెవరైనా ఉంటే పంపండి."