ఇరవై రెండు అక్షరాల మందు

ఉదయం పదింటికి చీఫ్ టేబుల్ మీద ఒక ఫొటో పడేశాడు. అందులో చిటికెనవేలంత ట్యూబు. క్యాన్సర్ ల్యాబ్ ఫ్రీజర్‌లోంచి గంట క్రితం మాయమైంది. పదకొండు గంటల రైల్లో సరిహద్దు దాటబోతోందని సమాచారం.

ఆఫీసులో అందరూ పిల్లి అని పిలిచే ఏజెంటుకి సంగతి వివరించడానికి ల్యాబ్ డాక్టర్ స్వయంగా వచ్చాడు. ట్యూబులో ఉన్నది బుల్లి ఆర్‌ఎన్‌ఏ. పొడవు ఇరవై రెండు జన్యు అక్షరాలు. కణానికి 'పెరుగు' అని జీన్లు పంపే ఆర్డర్లను దారిలోనే పట్టుకుని ఆపేస్తుంది. ఆ కాపలా తగ్గితే కణాలు పట్టపగ్గాల్లేకుండా పెరుగుతాయి. అదే క్యాన్సర్‌కి దారి. ఎనిమిది మంది రోగులు ఈ మందు కోసమే ఎదురుచూస్తున్నారు. మళ్ళీ తయారుచేయాలంటే ఏడాది పడుతుంది.

పిల్లి ఒక్క మాటా వదలకుండా విన్నాడు. అమ్మ పోయాక తనను పెంచిన అక్క క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉంది. అక్కడి డాక్టర్లు చేతులెత్తేసి వారమైంది.

"ఒట్టి వేలు తగలనివ్వకండి," అన్నాడు డాక్టర్. "మన చర్మం మీది ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి."

పదకొండుకి ఐదు నిమిషాల ముందు టికెట్ కలెక్టర్ వేషంలో ఫస్ట్ క్లాస్ బోగీ ఎక్కాడు. కిటికీ పక్కన నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఒళ్ళో ఫ్లాస్క్. మొన్నటిదాకా అతని పక్క టేబుల్ దగ్గరే పనిచేసిన మేడమ్. విదేశీ ముఠాకీ ఆవిడే ఏజెంటని అప్పుడు తెలిసింది.

అతను పిస్టల్ తీశాడు. ఆవిడ తాపీగా ఫ్లాస్క్‌లోంచి ట్యూబు తీసి, మూత తిప్పి, గ్లవ్ విప్పి, చూపుడువేలు దాని మూతి మీద పెట్టింది. పదిహేనేళ్ళ ట్రైనింగు ఆ వేలి ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది.

"రైలు కదలనివ్వు. మీ అక్కకి సగం పోసిస్తా," అంది.

పిస్టల్ దించాడు. నటన అనుకునేరు, కాదు. ఆ సగం అతనికి నిజంగానే కావాలి. ఆవిడ ఖాళీ సీసా తీసింది. పోయడానికి రెండు చేతులూ కావాలి కదా, వేలు తప్పుకుంది. సగం పోసింది. గార్డు విజిల్ వేశాడు. అంతవరకూ కదలని పిల్లి అప్పుడు ఆ ఎనిమిది మందినీ తలుచుకుని, తనను తాను తిట్టుకుంటూ ఆవిడ మణికట్లు పట్టుకున్నాడు. బేడీలు పడ్డాయి. రైలు ఆవిడ లేకుండానే కదిలింది.

ల్యాబ్‌లో ట్యూబునీ, సీసానీ డాక్టర్ ముందు పెట్టి, సిగ్గు విడిచి అడిగాడు. "మా అక్కకి ఒక్క డోసు ఇప్పించండి సార్."

ఏ క్యాన్సర్ అని అడిగాడు డాక్టర్. లివర్ అన్నాడు.

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "ఇది బ్లడ్ క్యాన్సర్‌కి మందు బాబూ. రక్తంలో కాపలా కాసేదే లివర్‌లో ప్లేటు ఫిరాయిస్తుంది. అక్కడ బ్రేకులు వేసే జీన్ల నోరే నొక్కేస్తుంది. ఇస్తే ఆ గడ్డని మేపినట్టే."

ప్లేటు ఫిరాయించినవాళ్ళను పట్టుకోవడం పిల్లికి వెన్నతో పెట్టిన విద్య. దీనికి ఏ బేడీలు వేయాలో మాత్రం తెలియలేదు.

సాయంత్రం అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చేయగలిగింది ఏమీ లేదు. ఏడుపు ఆగలేదు. అక్క అతని చెయ్యి నిమిరి, ఇవాళ పని అయిందా అని అడిగింది.

"అయిందక్కా. కానీ మనకి పనికిరాలేదు. వేరేవాళ్ళకి వచ్చింది."

"పోన్లేరా," అంది అక్క. "ఇన్నేళ్ళలో నీ ఉద్యోగం ఎవరికో ఒకరికి పనికొచ్చిందని వినడం ఇదే మొదటిసారి."