ముందు చన్నీళ్లు

నమ్మనివాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లిపోండి. తలుపు తీసే ఉంది, ఆపేవాళ్లు లేరు. కథ సగంలో నవ్వితే మాత్రం ఊరుకోను. ఈ కథ నేను పెళ్లిళ్లలో చెప్పాను, చావు ఇళ్లలో చెప్పాను. తెడ్డు విరిగి పడవ నడిసముద్రంలో గిరగిరా తిరుగుతుంటే అప్పుడూ చెప్పాను — చివరికేమైందో వినాలని తుపాను అరగంట ఆగింది. అంతటి కథ.

మా నాగిహమా ఊళ్లో వేడినీటి ఊటలు పదిహేడు. పదహారింటికి మంచి పేరే. పదిహేడోది కొండ అంచున, నూట పద్దెనిమిది మెట్లు దిగితే, సముద్రం మొహాన ఉంటుంది. ఆడవాళ్ల స్నానం. ఊళ్లో దాన్ని పేరు పెట్టి పిలవరు, 'కిందిది' అంటారు. దీపాలు పెట్టే వేళ దాటితే ఊరి ఆడది ఒక్కతీ అటు తొంగిచూడదు. ఎందుకని అడిగితే గాలి ఎక్కువంటారు, మెట్లు జారతాయంటారు... మన కళ్లలోకి చూసి మాత్రం చెప్పరు.

రిత్సుకి ఇవేవీ తెలియవు. ఆవిడ పట్నం మనిషి, పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో పోయే బాపతు. అరవై ఆరేళ్లు, బట్టలు కుట్టి బతుకుతుంది. వెంట వాళ్లక్క షిగెనో, డెబ్బై ఒకటి. ఆకులు రాలే రోజుల్లోనే షిగెనోకి గుండె కోసి బాగుచేశారు. అప్పట్నుంచీ కొడుకు ఆమెను గాజుబొమ్మలా అలమరలో పెట్టాడు. మెట్లెక్కొద్దు, గాలికి పోవద్దు, స్నానం గోరువెచ్చగా.

ఒకరోజు షిగెనో చెల్లెలికి ఫోను చేసి, పక్కగదిలో కోడలికి వినపడకుండా చెప్పిందట — ఒక్కసారి నిజంగా వేడిగా ఉన్న నీళ్లలో కూర్చుని సముద్రం చూడాలే, అని.

రిత్సు ఆగలేదు. డాక్టరును అడిగింది. నీళ్లు గుండెకింది దాకా, ఐదే నిమిషాలు అన్నాడాయన. అక్క కొడుక్కి మాత్రం ప్లమ్ పూలు చూడ్డానికి వెళ్తున్నామని అబద్ధమాడింది. అబద్ధమాడాక భయం పట్టుకుంది. పొద్దున ఎలా తీసుకెళ్లిందో సాయంత్రం అలా అప్పజెప్పాలి. అక్కకేమైనా అయితే ఆ ఇంటి గడప ఇక తొక్కలేదు... తన మొహం తను చూసుకోలేదు.

పగలంతా బాగానే గడిచింది. ఊట ఆవిరిలో ఉడికించిన గుడ్లు తిన్నారు. ఎండుచేపల కొట్టు దగ్గర ఆగి, కొట్టామె నిప్పుల మీద కాలుస్తున్న ముక్కలు రుచి చూశారు. ఇక్కణ్ణుంచి కొండ కింద సముద్రం మొహాన ఉన్న ఊటకి దారెటు అని షిగెనో అడిగింది.

కొట్టామె చేతిలో పట్టకారు ఆగిపోయింది.

అటూ ఇటూ చూసి, ముందుకు వంగి గుసగుసగా అంది. "వెళ్తే వెళ్లండి. అక్కడ తోరా అవ్వ అని ఒకావిడ ఉంటుంది. నీళ్లు పోస్తానంటే వద్దనండి. ఆవిడ చేతి నీళ్లు పడ్డవాళ్లు ఏడాది తిరక్కుండా పోతారు. మా అత్తగారు అలాగే పోయారు."

ఆవిడ వయసెంత అని షిగెనో అడిగింది.

"తొంభై నాలుగు."

షిగెనో కడుపు పట్టుకుని నవ్వింది. రిత్సు నవ్వలేదు. అక్క నవ్వుతున్నంతసేపూ ఆమె ఛాతీ ఎలా ఎగిసి పడుతోందో చూస్తూ నిలబడింది. పైనున్న పదహారింట్లో ఏదో ఒకదానికి పోదామంది. షిగెనో వినలేదు. సముద్రం కాళ్లకి తగిలేది కిందిదొక్కటే అంది.

మెట్లు దిగేసరికి నాలుగున్నర దాటింది. చలికాలం కదా, కొండ నీడ సముద్రం మీదికి నల్లగా జారుతోంది. గుమ్మం దగ్గర చిన్న దీపం అప్పుడే వెలిగిస్తోంది ఒక ముసలామె. నల్లగా, ఎండిన సముద్రపు నాచులా ఉంది. చేతులు మాత్రం పెద్దవి, మొగవాడి చేతుల్లా.

ఆమె టికెట్లు చూడలేదు. వాళ్ల భుజాల మీదుగా వెనక మెట్లకేసి చూసింది.

"రండి, రండి. అందరూ వచ్చినట్టేనా?"

ఇద్దరమే కదా, అందరూ ఏమిటి? రిత్సు వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ మెట్లు... గాలి.

లోపల రాళ్ల మధ్య నీళ్లు పొగలు కక్కుతున్నాయి. ఏం పొగలనుకున్నారు, మూడు మైళ్ల అవతల పోయే ఓడలు పొగమంచనుకుని కూత పెట్టేవి. తొట్టికి ఇవతల, ఒళ్లు కడుక్కునే చోట, వరసగా మూడు చెక్కపీటలు. షిగెనో తువ్వాలు నెత్తిన పెట్టుకుని ముందే వెళ్లిపోయింది. రిత్సు అక్క బట్టలు మడతపెట్టి బుట్టలో సర్ది, మందుల పొట్లం పైన పెట్టి, ఆలస్యంగా వచ్చింది.

వచ్చి అక్క పక్క పీట మీద కూర్చోబోయింది. తోరా అవ్వ ఆ పెద్ద చేత్తో భుజం పట్టుకుని, మెల్లగా, చివరి పీట వైపు నెట్టింది.

"అక్కడమ్మా."

రిత్సు వెళ్లి కూర్చుంది. మంచి కోసమైతే పక్కపక్కన కూర్చోనివ్వొచ్చుగా అనుకుంది. మా అక్కను నా నుంచి విడదీసి ఏం చెయ్యాలని? అప్పట్నుంచీ ఆమె కళ్లు ఆ చేతుల్నే వెంటాడాయి.

అవ్వ చెక్కబకెట్లో ఊటనీళ్లు ముంచింది. దాంట్లో కుండలోని చన్నీళ్లు పోసి చేత్తో తిప్పింది. రిత్సు వద్దనేలోపే వీపు మీద గుమ్మరించింది. హాయిగానే ఉన్నాయి. ఆ కొట్టామెవన్నీ కోతలే అనుకుంది రిత్సు, ఒక్క క్షణం.

అవ్వ మళ్లీ బకెట్టు తీసుకుంది. ఈసారి ముందు చన్నీళ్ల కుండ దగ్గరికి వెళ్లింది.

చన్నీళ్లు పోసింది... వాటి మీద వేడినీళ్లు పోసింది.

మా దేశంలో చంటిపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. బతికున్న మనిషికి వేడినీళ్లలో చన్నీళ్లు కలుపుతారు. ముందు చన్నీళ్లు, ఆ తరవాత వేడినీళ్లు పోసేది ఒక్క శవానికే. మొగుణ్ణి పాడె మీద పెట్టే ముందు రిత్సు తన చేత్తో అలాగే కలిపింది. ఆ నీళ్ల చప్పుడు నాలుగేళ్లుగా ఆమె చెవిలోనే ఉంది.

అవ్వ బకెట్టు ఎత్తుకుని షిగెనో కూర్చున్న వైపు నడిచింది. ఒక అడుగు... రెండడుగులు. షిగెనో కళ్లు మూసుకుని సముద్రపు గాలి పీలుస్తోంది.

రిత్సు లేచింది. కాలెత్తి తన్నిన తన్నుకి బకెట్టు గాల్లో రెండు పిల్లిమొగ్గలు వేసి రాళ్ల మీద పడింది. అక్క రెక్క పట్టుకుని లాగింది, ఒంటికి దొరికింది చుట్టింది, తనూ ఏదో చుట్టుకుంది. షిగెనోని వీపు మీద వేసుకుని ఆ నూట పద్దెనిమిది మెట్లూ ఎక్కింది. అరవై ఆరేళ్ల మనిషి, మధ్యలో ఒక్కసారీ ఆగలేదు. కొండమేకలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి.

షిగెనో వీపు మీంచి ఏదో అంటూనే ఉంది. మాట్లాడకక్కా, ఊపిరి దాచుకో అంటూ రిత్సు నోరు మూయించింది.

పైన రోడ్డు మీద దించి మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టుకుంటోంది. తనదే ఎక్కువ కొట్టుకుంటోంది.

"పిచ్చి పట్టిందే నీకు?" అంది షిగెనో. "ఇంకా నీళ్లలో కాలే పెట్టలేదు నేను."

అప్పుడు వినిపించింది. కింద, చీకట్లో, చెక్కచెప్పుల చప్పుడు.

టక్... టక్... టక్.

చిన్న దీపమొకటి మెట్ల మీద ఊగుతూ పైకి వస్తోంది. రిత్సు అక్కకి అడ్డంగా నిలబడింది. దీపం వెనక ఆ నల్లటి మొహం. అవ్వ ఆయాసపడుతూ చెయ్యి చాపింది. అరచేతిలో మందుల పొట్లం.

"రాత్రికి వేసుకోవాల్సినవి కదమ్మా. బుట్టలో వదిలేశారు."

రిత్సు పొట్లం లాక్కుంది కానీ తగ్గలేదు. మా అక్క బతికుండగానే శవస్నానం చేయిస్తావా, నీకు మేమేం అపకారం చేశామని నిలదీసింది. అవ్వ దీపం ఎత్తి ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వు బట్టలు మడతపెడుతున్నప్పుడే మీ అక్కకి పోశాను. వేడినీళ్లలో చన్నీళ్లు కలిపే పోశాను. అడుగు."

"అదే కదే ఇందాకట్నుంచీ చెప్తున్నాను," అంది షిగెనో.

"మరి... ఆ రెండో బకెట్టు?"

అవ్వ గొంతు తగ్గించింది.

"మీ ఇద్దరి మధ్యా కూర్చుందే, తనకి."

గాలి కూడా ఆగిందంటారు అప్పుడు. నేను లేను కాబట్టి ఒట్టేసి చెప్పను.

అవ్వ చెప్పింది. పడుచుతనంలో ఆవిడా, ఇంకో పిల్లా జంటగా ఆల్చిప్పల కోసం సముద్రంలో మునిగేవాళ్లట. ఒకరోజు ఇద్దరూ మునిగారు. ఒకతే తేలింది. శవం దొరకలేదు. కడిగే వాళ్లు లేరు, కట్టె లేదు. దీపం పెట్టే వేళకి ఆ పిల్ల చలికి వణుక్కుంటూ పైకొచ్చి, స్నానానికొచ్చేవాళ్ల వెనక చేరుతుంది. రోజూ తను పోస్తుంది. పోస్తే వెళ్లిపోతుంది. డెబ్బై ఐదేళ్లుగా ఇంతే.

"ఇవాళ నీళ్లు పడలేదుగా," అంది అవ్వ. "ఆ నీళ్లు ఎవరు ఒలకబోస్తే వాళ్ల వెంట పోతుంది. ఏమీ చెయ్యదు పాపం. మీతోపాటే రైలెక్కి ఇంటిదాకా వస్తుంది... అంతే."

షిగెనో చెల్లెలి మడమల దగ్గర రోడ్డుకేసి చూసింది. వానలేని రోడ్డు. అక్కడ చిన్న తడి పాదాల గుర్తులు, రిత్సు వెనకే, మెట్ల వైపు నుంచి వచ్చి ఆగి ఉన్నాయి.

రిత్సు పారిపోబోయింది. కానీ రైలు పెట్టెలో, గుండె కోసి కుట్టిన అక్క పక్క సీట్లో అది కూర్చోవడం ఊహించుకుంది. ఆగిపోయింది. అవ్వ చేతిలో దీపం తీసుకుని, ముందుకు చూస్తూనే మెట్లు దిగింది. వెనకే టప్... టప్... తడి అడుగులు. ఆ వెనక చెక్కచెప్పులు. అన్నిటికీ వెనక, వద్దన్నా వినకుండా, ఒక్కో మెట్టు ఆగి ఆగి దిగుతున్న షిగెనో.

లోపల మధ్య పీట ఖాళీగా ఉంది. రిత్సు బకెట్లో చన్నీళ్లు పోసింది. వాటి మీద వేడినీళ్లు పోసింది. మొగుడికి కలిపినట్టే చేత్తో తిప్పింది. ఖాళీ పీట మీద, గాల్లో, మెల్లగా గుమ్మరించింది.

నీళ్లు తిన్నగా పడలేదు.

జానెడు పైనే ఆగి రెండుగా చీలాయి. రెండు సన్నటి భుజాల మీంచి జారినట్టు జారి, వంగిన వీపు మీద పాయలుగా విడిపోయి, పీటకి అటూ ఇటూ కారాయి. ఎక్కడో ఎవరో హాయిగా నిట్టూర్చారు. తరవాతి చుక్కలు తిన్నగా చెక్క మీద పడ్డాయి.

ఆరింటి రైలు తప్పిపోయింది. తరవాతి రైలుకి ముందు షిగెనో గుండెకింది దాకా, లెక్కగా ఐదు నిమిషాలు, వేడినీళ్లలో కూర్చుని చీకటి సముద్రం చూసింది. ఇంటి దగ్గర అక్క కొడుకు గడపలోనే నిలబడి ఉన్నాడు. రిత్సు అక్కని వాడి చేతికి అప్పజెప్పి, ప్లమ్ పూలు బాగున్నాయిరా అంది.

ఇది జరిగి పన్నెండేళ్లు. నా మాట వద్దు. ఆ నీళ్లు చీలడం గుమ్మంలో నిలబడి రెండు కళ్లతో చూసిన మనిషి ఎనభై మూడేళ్ల వయసులో ఇప్పటికీ రోజుకి రెండు పూటలా వేడినీళ్లు పోసుకుంటోంది. వెళ్లి అడగండి. ఇమావొకా షిగెనో.