మా వాడు లీడరయ్యాడు

అద్నాన్ అనే కుర్రవాడు చనిపోయిన రోజు ఉదయం పెడనలో వెంకటపతి ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. అద్నాన్ అనే పిల్లవాడు ఒకడున్నాడని అప్పటికి వాళ్ళకి తెలియదు.

ఆ రోజు ఆదివారం. గుడివాడ దగ్గర సెంటరులో ఉన్న కొడుకు వీరేంద్రని నెలకోసారి చూడనిచ్చే రోజు. మహాలక్ష్మి తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది. వెంకటపతి ముందురోజే బందరు వెళ్ళి లడ్డూలు తెచ్చాడు.

పదహారేళ్ళ వీరేంద్ర గంజాయికి అలవాటుపడి, కాలేజీ మానేసి, ఒకనాడు తల్లి మెడలో గొలుసు లాగబోయాడు. ఆ తర్వాతే సెంటరు మాట వచ్చింది. దారి తప్పిన పిల్లల్ని బాగుచేసి అప్పగిస్తామని రాసిన బోర్డు మీద డాక్టరు, నర్సు, కౌన్సిలరు, యోగా మాస్టారు అందరి ఫోటోలూ ఉన్నాయి. చేపల చెరువుల మధ్య ఒకప్పటి ధాన్యం గోదాముకి తెల్లసున్నం వేసి సెంటరు చేశారు. కిటికీలు పైకప్పు దగ్గర ఉంటాయి.

"వేరుశెనగపప్పు ఇంకాస్త వెయ్యవే లక్ష్మీ. అక్కడ తిండికి పిల్లోడి బుగ్గలు లోపలికి పోయినాయి," అంది వెంకటపతి తల్లి సుబ్బమ్మ, గడప మీద కూర్చుని.

"వాడిప్పుడు లీడరమ్మా," అన్నాడు వెంకటపతి. "కొత్తగా వచ్చిన పిల్లల్ని వాడే చూసుకుంటాడంట. డైరెక్టరుగారే ఫోన్ చేసి చెప్పారు. మీవాడిలో ఎంత మార్పండీ అన్నారు."

"పడుకున్న దుప్పటి మడత పెట్టనోడు ఇంకోళ్ళ పిల్లల్ని చూసుకుంటన్నాడా? మరి వాళ్ళు పెట్టుకున్న మనుషులు ఏం చేస్తన్నట్టురా?"

అందరూ నవ్వారు. వెంకటపతికి కలంకారీ అద్దకం షెడ్డు ఉంది. అచ్చులు వేసే పనివాళ్ళందరికీ ఆ వారంలో ఆయన ఈ సంగతి చెప్పాడు. కొందరికి రెండుసార్లు చెప్పాడు.

పక్కింటివాళ్ళ కారులో సెంటరుకి చేరేసరికి గేటు మూసి ఉంది. ఎప్పుడూ లోపల ఆఫీసు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించే డైరెక్టరు రాజకుమార్ ఈసారి తానే రోడ్డు మీదికి వచ్చాడు. వెనకాలే బ్యాగు పట్టుకుని వీరేంద్ర.

"పతిగారూ, శుభవార్త. మీవాడి కోర్సు పూర్తయినట్టే. ఇవాళే తీసుకెళ్ళిపోండి."

"ఇంకా రెండు నెలలు ఉందన్నారు కదండీ?"

"బాగుపడినవాణ్ణి ఉంచుకోవడం మాకు ధర్మం కాదు కదా."

మహాలక్ష్మి కొడుకు చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. వాడు ఆమె వంక చూడలేదు. సిగ్గుపడుతున్నాడనుకుంది.

గేటు ఎదురుగా కల్వర్టు మీద ఒక ముస్లిం స్త్రీ ఒంటరిగా కూర్చుని ఉంది. సంతోషంలో ఉన్న మహాలక్ష్మి డబ్బా తెరిచి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"తీసుకోండమ్మా. మావాణ్ణి ఇంటికి తీసుకెళ్తున్నాం."

"మావాడికి ఒంట్లో బాలేదని ఫోన్ చేశారక్కా," అందామె. "మా ఆయన లోపలికెళ్ళారు. నన్ను ఇక్కడే ఉండమన్నారు. మాది బందరు."

"ఏం కాదులెండి. లోపల నర్సు ఉంది. చాలా మంచావిడ."

ఆమె కాదనలేక లడ్డూ తీసుకుని చున్నీ కొంగులో పెట్టుకుంది. వెంకటపతి కారు హారన్ కొట్టించాడు.

ఇంటికి వచ్చాక వీరేంద్ర కూర్చోమనేవరకు కూర్చోలేదు. తినమనేవరకు చెయ్యి కడగలేదు. "నాయనమ్మా, బాత్రూంకి వెళ్ళొచ్చా?" అని అడిగాడు.

"సొంతింట్లో దానికి కూడా పర్మిషనేంట్రా, వెళ్ళి తగలడు," అని నవ్వింది సుబ్బమ్మ. వాడు నవ్వలేదు. ఆవిడ నవ్వు కూడా సగంలో ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ వార్త వెంకటపతి ఫోనులోకి వచ్చింది. గుడివాడ దగ్గర ఒక పునరావాస కేంద్రంలో పద్నాలుగేళ్ళ అద్నాన్ అనారోగ్యంతో చనిపోయాడని. పక్కన పిల్లవాడి ఫోటో, ఏడుస్తున్న తల్లి ఫోటో. మహాలక్ష్మి ఆ తల్లిని గుర్తుపట్టింది.

"నర్సు ఉండగా ఇలా ఎలా జరిగిందిరా?" అని కొడుకుని అడిగింది.

"ఏ నర్సమ్మా?"

"అదేరా, తెల్లకోటు వేసుకుని మొన్నటి నెల నాకు కాఫీ ఇచ్చింది. బాబుకి బీపీ నార్మలండీ అంది."

"ఆవిడ వంటావిడ. మీరొచ్చే ఆదివారాలు కోటు వేయిస్తారు."

మహాలక్ష్మికి ఆ చేతులు గుర్తొచ్చాయి. గోళ్ళ నిండా పసుపు. ఉద్యోగానికి ముందు ఇంట్లో వంట కూడా చేసుకుని వస్తుంది కాబోలు పాపం అనుకుంది అప్పుడు. లేచి గోడ పట్టుకుని నిలబడింది.

"డాక్టరు?"

"నేనెప్పుడూ చూడలేదు. సార్ పొద్దెక్కాక వచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. వాచ్‌మన్ ఉంటాడు. వ్యాను కూడా ఆయనే నడుపుతాడు, కూరగాయలకి ఆయనే వెళ్తాడు. ఆయన లేనప్పుడు తాళాలు లీడర్ల దగ్గరుంటాయి."

వెంకటపతి ఫోను పక్కన పెట్టాడు. "నిన్న తాళం ఎవరి దగ్గరుంది?"

వీరేంద్ర చెప్పాడు. అల్లరి చేసినవాళ్ళని పెట్టే గది ఒకటుంది. దాన్ని ఆలోచన గది అంటారు. అద్నాన్‌కి మూర్ఛ జబ్బు. వాళ్ళమ్మ ఇచ్చిన మాత్రలు సార్ బీరువాలో ఉన్నాయి. అప్పటికి సార్ ఇంకా రాలేదు. మాత్రలు కావాలని గొడవ చేస్తే వాచ్‌మన్ వాణ్ణి ఆ గదిలో పెట్టి, తాళం వీరేంద్రకిచ్చి బజారుకి వెళ్ళాడు.

"తలుపు తియ్యన్నా, నాకు వచ్చేస్తోందన్నా అన్నాడు. కొత్తవాళ్ళు నటిస్తారు, తియ్యొద్దని చెప్పారు నాన్నా. నేను కూడా మొదట్లో కడుపునొప్పని అబద్ధం చెప్పాను. తీస్తే లీడర్ని కూడా అందులోనే పెడతారు. తలుపు కొడుతూనే ఉన్నాడు. తర్వాత ఆపేశాడు. ఊరుకున్నాడులే అనుకున్నాను."

సుబ్బమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ గోదాములో ధాన్యం ఉన్న రోజుల్లో ఎలుకలు పడకుండా రాత్రీ పగలూ ఇద్దరు మనుషులు ఉండేవారని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పిల్లల్ని పెట్టాక ఒకడితో సరిపెట్టారు.

వెంకటపతి వీధి తలుపు వేసి వచ్చాడు. "ఈ మాట ఈ నలుగురి మధ్యే ఉండాలి."

"నేను ఆవిడకి లడ్డూ ఇచ్చానండీ," అంది మహాలక్ష్మి.

"ఎవరికి?"

"వాళ్ళమ్మకి. లోపల ఆ పిల్లాడు చచ్చిపడి ఉన్నాడు. నేను బయట మిఠాయి పంచాను."

"మనకి తెలియదు కదే."

"ఇప్పుడు తెలిసింది కదా."

"తెలిస్తే? వెళ్ళి చెప్పి వీణ్ణి జైలుకి పంపిస్తావా? ఇప్పుడిప్పుడే మనిషవుతున్నాడు."

"దీన్ని మనిషవడం అంటారా మీరు?"

వెంకటపతి లేచి బయటికి నడిచాడు. షెడ్డుకి వెళ్ళి ఒక్కడే కూర్చున్నాడు. ఆ రోజు పని జరగలేదు.

మంగళవారం మధ్యాహ్నం తండ్రీకొడుకులు భోజనం చేస్తుండగా రాజకుమార్ వచ్చాడు. ఒక చేతిలో బత్తాయిల సంచి. ఇస్త్రీ చొక్కా మీద సెంటు వాసన అన్నం వాసనని మింగేసింది.

"కంగారు పడకండి మేడమ్. భోజనం కానివ్వండి," అని తానే కుర్చీ లాక్కున్నాడు. "ఆ అబ్బాయిది ముందునుంచీ ఉన్న జబ్బు. వాళ్ళు మాకు సరిగా చెప్పలేదు. మీవాడి పేరు ఎక్కడా రాకుండా చూసే పూచీ నాది. రేపు ఎవరైనా అడిగితే, ఆ టైంలో నర్సు డ్యూటీలో ఉంది, మాత్ర వేసింది అని ఒక్క ముక్క చెప్తే చాలు."

"ఏ నర్సు బాబూ?" అంది సుబ్బమ్మ. "పులుసు కాచే నర్సా?"

"పెద్దావిడ గదా, ఏదో అంటారు. చూడండి పతిగారూ, సిబ్బంది దొరకడం లేదు. వచ్చినవాళ్ళు నిలవడం లేదు. అన్ని సెంటర్లలోనూ ఇంతే."

"దొరకనప్పుడు పిల్లల్ని ఎందుకు చేర్చుకున్నారు?" అంది మహాలక్ష్మి.

"మీలాంటివాళ్ళు వచ్చి బతిమాలితేనేనమ్మా. ఇంట్లో భరించలేమని ఏడ్చింది మీరే కదా." రాజకుమార్ గొంతు మెత్తగానే ఉంది. "తాళం మీవాడి చేతిలో ఉంది. ఆ సంగతి నేను చెప్పకుండా ఉండాలనే కదా ఇంత దూరం వచ్చాను."

వెంకటపతి తలెత్తలేదు. కంచంలో అన్నం కెలుకుతున్నాడు. ఒప్పుకుంటాడేమోనని మహాలక్ష్మికి భయమేసింది. రాజకుమార్‌కి కూడా అలాగే అనిపించినట్టుంది. చిరునవ్వుతో పిల్లవాడి వైపు తిరిగాడు.

"లీడర్. లేచి నిలబడు."

వీరేంద్ర నోట్లో ముద్దతోనే లేచాడు. ఎంగిలి చేతిని, మంచి చేతిని వెనక్కి కట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఆదివారం నర్సు అద్నాన్‌కి మాత్ర వేసింది. అవునా?"

"అవును సార్."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను సార్."

"చూశారా, ఎంత డిసిప్లినో. మీ దగ్గర ఉన్నప్పుడు పిలిస్తే పలికేవాడా?"

వెంకటపతి కొడుకు వైపు చూశాడు. వెనక్కి కట్టుకున్న చేతి నుంచి పెరుగన్నం వాడి మడమ మీద పడుతోంది. వాడు కదలడం లేదు. షెడ్డులో పనివాళ్ళ ముందు తాను గొప్పగా చెప్పుకున్న మార్పు ఇదే. దాన్ని ఇంత దగ్గరగా చూడడం ఆయనకి ఇదే మొదటిసారి. తన మీద తనకే అసహ్యం వేసింది.

లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"మీకు డబ్బు కట్టింది వీణ్ణి మీరు చూసుకోవడానికండీ. పక్కవాళ్ళ పిల్లలకి వీణ్ణి కాపలా పెట్టమని కాదు."

"ఆలోచించి మాట్లాడండి. కేసు మీవాడి మీదికే వస్తుంది."

"రానివ్వండి. వాడి చేతికి తాళం ఎవరిచ్చారో కూడా అక్కడే అడుగుతారు. ఆ బత్తాయిలు తీసుకెళ్ళండి."

"రోజులెప్పుడూ ఒకేలా ఉండవు పతిగారూ."

"అదే ఆ పిల్లోడి తల్లికి చెప్పు నాయనా, దమ్ముంటే," అని సుబ్బమ్మ సంచి తీసి గడప అవతల పెట్టింది.

అతను వెళ్ళిపోయాక కూడా వీరేంద్ర అలాగే నిలబడి ఉన్నాడు. వెంకటపతి వాడి చేతులు విడదీసి, చెంబుతో నీళ్ళు పోసి తానే కడిగాడు.

"నాన్నా," అన్నాడు వాడు. "ఏడవొచ్చా?"

వెంకటపతి వాణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. వాడి తల తన భుజానికి ఆనించుకున్నాడు. ముందు ఏడ్చింది ఆయనే.

సాయంత్రం భార్యాభర్తలు కొడుకుని తీసుకుని బందరు వెళ్ళారు. అద్నాన్ తల్లి అనీసా ఇల్లు ఆటోలు నిలిపే సందులో ఉంది. భర్త అల్లాబక్షు ఆటో నడుపుతాడు. ఇంటినిండా చుట్టాలున్నారు. చనిపోయిన ఇంట మూడోరోజు అది.

వీరేంద్రే చెప్పాడు. తాళం తన దగ్గరే ఉందన్నాడు. పిలిస్తే తియ్యలేదన్నాడు. నర్సు లేదన్నాడు.

అల్లాబక్షు గబుక్కున లేచాడు. చుట్టాలు పట్టుకున్నారు. అనీసా మాత్రం కదలలేదు. కూర్చోమని కూడా అనలేదు.

"ఏమని పిలిచాడు?"

"అన్నా అన్నాడండీ."

"వాడికి అన్న లేడు. మా ఇంట్లో వాడే పెద్దోడు," అందామె. ఆ తర్వాత, "పోలీసుల ముందు ఈ మాటే చెప్తావా?"

"చెప్తాను."

"వాడి పక్కన నేనుంటానమ్మా," అన్నాడు వెంకటపతి.

"మావాడి పక్కన ఎవరూ లేరండీ."

మహాలక్ష్మి ఆమె పాదాల దగ్గర కూర్చుంది. ఆమె పక్కకి జరగలేదు. దగ్గరికీ తీసుకోలేదు. కాసేపయ్యాక, "మీకు తెలియదులే అక్కా," అని మాత్రం అంది. మహాలక్ష్మికి అప్పుడు ఏడుపొచ్చింది.

బుధవారం వీరేంద్ర పోలీస్‌స్టేషన్‌లో అంతా చెప్పాడు. ఒకవైపు తండ్రి, మరోవైపు అల్లాబక్షు కూర్చున్నారు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఎస్సై అంతా విని విచారిస్తామన్నాడు. వీరేంద్ర మీద ఏ కేసు పెడతారో, పెట్టరో ఇంకా తేలలేదు. వాడు ఇప్పుడు షెడ్డులో తండ్రి పక్కన నిలబడి గుడ్డలు ఆరేస్తున్నాడు. కొన్నిసార్లు పిలిస్తే పలకడు. అలా పలకని రోజున సుబ్బమ్మ సంతోషిస్తుంది.

ఆదివారాలు సెంటరులో కలుసుకున్న తల్లిదండ్రుల ఇళ్ళకి వెంకటపతి ఒక్కొక్క ఇంటికే వెళ్తున్నాడు. పామర్రు ఆయన విన్నరోజే వెళ్ళి కొడుకుని తెచ్చుకున్నాడు. గుడివాడలో ఒకాయన, "తలుపు తియ్యనిది మీవాడు. మావాణ్ణెందుకు తెచ్చుకోవాలి? ఇంటికొస్తే మళ్ళీ మొదటికొస్తాడు," అని లోపలికి పోయాడు. వెంకటపతికి కోపం రాలేదు. ఆరు నెలల క్రితం తనకి ఎవరైనా చెప్పి ఉంటే తానూ అదే అనేవాడు.

సెంటరు నడుస్తూనే ఉంది. అక్కడ నర్సు ఇప్పటికీ లేదు. మిగతా పిల్లలు లోపలే ఉన్నారు. కోడూరులో ఒక పిల్లవాడి ఇంటికి వెంకటపతి ఇంకా వెళ్ళి చెప్పలేదు.