గోడ మీద నూనె మరక

శనివారం ఉదయం పది కాకముందే డ్రాయింగ్ టీచరు రంగుల దుకాణం ముందు నిలబడింది. షట్టరు ఎత్తుతున్న దుకాణదారు ఆమెను చూసి నవ్వాడు.

"మళ్ళీ గోధుమరంగేనా అమ్మా? ఈ నెలలో ఇది నాలుగో ట్యూబు. ఎలుగుబంట్ల మందను గీస్తున్నారా ఏమిటి?"

"మరక గీస్తున్నానండీ," అంది ఆమె.

అతను ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

బళ్ళో పిల్లల చేత జెండాలూ పూలకుండీలూ వేయించి విసిగిపోయిన ఆమెకు, తన బొమ్మలకు కావలసిన సరుకంతా సొంత ఇంట్లోనే దొరికింది. నీళ్ళు కారే సింకు, అమ్మ కుట్టుమిషను కింద పోగుపడ్డ దారపు ముక్కలు, చిరిగిన పరుపు. పదకొండు బొమ్మలయ్యాయి. ప్రదర్శనకు పన్నెండు ఇవ్వాలి, గడువు ఈ మధ్యాహ్నమే.

పన్నెండోది ముందుగదిలోని బెంచీ, దాని వెనక గోడ మీది నూనె మరక. బస్సు డ్రైవరుగా పనిచేసిన తండ్రి ఇరవై ఏళ్ళపాటు డ్యూటీ దిగి వచ్చి ఆ బెంచీ మీద కూలబడి, కళ్ళు మూసుకుని, గోడకు తల ఆనించేవాడు. తలనూనె ఇంకీ ఇంకీ అక్కడ అరచేయంత మరక కట్టింది. ఆయన పోయి ఎనిమిది నెలలు. బొమ్మలో బెంచీ వచ్చింది, కిటికీ వెలుగూ వచ్చింది. మరక చోటు మాత్రం ఖాళీగానే ఉంది. ఎన్ని రంగులు కలిపినా వట్టి మురికి కనబడేదే తప్ప నాన్న కనబడేవాడు కాదు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి కొత్త రంగు వాసన గుప్పుమంది. తల్లి బెంచీ పక్కకు లాగి, తలకు పాతగుడ్డ చుట్టుకుని, గోడకు తెల్లరంగు పూస్తోంది. మరక లేదు.

"అమ్మా! ఏం చేశావు?"

"కనబడట్లేదా? రెండు పూతలు వేశాను. మొదటి పూతకి లొంగలేదు, మొండిది."

"నిన్నెవరు వెయ్యమన్నారు? పన్నెండింటికల్లా నేను బొమ్మ ఇవ్వాలని నీకు తెలీదా?"

"తెలిసే వేశాను. సింకు గీశావు, ఊరుకున్నాను. చిరిగిన పరుపు గీశావు, నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఇదీ పెడతావా? ఈ ఇంటి ఆడదానికి గోడ తుడుచుకోవడం కూడా చేతకాదనుకోరూ జనం?"

"ఎంతసేపూ జనం గొడవే నీకు! నాన్నది మిగిలిందే అదొక్కటి. ఆయన బతికున్నన్నాళ్ళూ దాని మీదే పడి ఏడ్చావు. పోయాక కూడా వదల్లేదు!"

తల్లి బ్రష్షును డబ్బాలో పెట్టింది.

"అవునే, వదల్లేదు. వారం వారం సబ్బు పెట్టి రుద్దాను. మీ తలకాయ ఆనించడానికి నా గోడే దొరికిందా అని ఎన్నిసార్లు అరిచానో. ఆయన నవ్వేసి మళ్ళీ ఆనించేవారు." ఆమె తలకు చుట్టిన గుడ్డ విప్పింది. "చివరి నెల ఆనించలేదు. నువ్వు చూడలేదా?"

కూతురు బెంచీ వైపు చూసింది.

"వెన్నులో అంత నొప్పి పెట్టుకుని, మెడ నిలబడకపోయినా నిటారుగా కూర్చున్నారు. వెనక్కి వాలండి అంటే, 'వద్దులే, మళ్ళీ నువ్వు రుద్దుకోవాలి, అసలే నీకు భుజం నొప్పి' అన్నారు. ఎత్తిపొడుపు కాదే, నిజంగానే అన్నారు. బతిమాలాను. వాల్లేదు."

ఆమె గోడ వైపు తిరిగింది.

"ఆ మరక చూస్తే నాకు ఆయన ఆనుకున్న ఇరవై ఏళ్ళు గుర్తు రావు. ఆనుకోని ఆ నెలే గుర్తొస్తుంది. ఇంక నావల్ల కాలేదే."

నాన్న నిటారుగా కూర్చోవడం కూతురు చూసింది. కాస్త కోలుకుంటున్నాడనుకుంది. ఆ మాట పెద్దమ్మకు ఫోను చేసి సంబరంగా చెప్పింది కూడా. ఇంట్లో మూలమూలనా దుమ్ముతో సహా చూసి గీసిన మనిషి, ఎదురుగా కూర్చున్న తండ్రి నొప్పిని పోల్చుకోలేకపోయింది. ఇప్పుడు ఏ రంగు కలిపి ఏం లాభం? ట్యూబు మూత తియ్యకుండానే బల్ల మీద పెట్టేసింది.

బెంచీని గోడ దగ్గరికి జరిపి తల్లిని కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. తల్లి మెడ బిగబట్టుకుని కూర్చుంది.

"వెనక్కి వాలమ్మా."

"రంగు ఆరలేదే. మరక పడుతుంది."

"పడనీ."

తల్లి మెల్లగా వాలింది. తల గోడకు తగలగానే, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని, తన తలనూ ఆ తడిగోడకే ఆనించింది. పన్నెండు దాటింది. ఇద్దరూ లేవలేదు.