కోడూరు రోడ్డు మీద మస్టాంగ్

గుడివాడ బైపాస్ పక్కన ప్రేమ్ సాగర్ షెడ్డు. పాత కార్లు బాగుచేసి అమ్ముతాడు. ఆ ఆదివారం పొద్దున షెడ్డులోంచి మస్టాంగ్ కారు బయటికి రాగానే ఎదురు టిఫిన్ సెంటర్లో తినేవాళ్ళు ప్లేట్లు పట్టుకునే రోడ్డు మీదికి వచ్చేశారు.

అరవై తొమ్మిది మోడలు. పొడుగాటి ముక్కు, పొట్టి తోక, స్టీరింగేమో ఎడమవైపు. దివిసీమలో మూతపడిన రైసుమిల్లు గోడౌన్లో ఊక గుట్ట కింద దొరికింది. ఇంజన్ విప్పితే గుప్పెళ్ళకొద్దీ ఇసుక రాలింది.

"ఏముంది బావా దీంట్లో? మైలేజీ లేదు, ఏసీ లేదు," అన్నాడు ధనుంజయ్. ప్రేమ్ సాగర్ చెల్లెలి మొగుడు, బందరులో బ్యాంకు ఉద్యోగి.

"అమెరికాలో అప్పటిదాకా వేగమంటే డబ్బున్నవాళ్ళదే. ఇది వచ్చాక మామూలు ఉద్యోగస్తుడు కూడా ఎనిమిది సిలిండర్ల బండి ఎక్కాడు. కుర్రాళ్ళు సినిమా టిక్కెట్లకి ఎగబడ్డట్టు ఎగబడ్డారట. ఇప్పుడు కరెంటు కార్లొచ్చి రోడ్డు మూగబోతోంది. దీన్ని విను."

తాళం తిప్పాడు. షెడ్డు రేకులు అదిరాయి. ఆ గురగుర అరికాళ్ళలోంచి ఎక్కి గుండెల్లో ఆగింది. ధనుంజయ్ మళ్ళీ మైలేజీ మాటెత్తలేదు.

ఇద్దరూ హంసలదీవి దాకా వెళ్ళారు. తిరిగొస్తుంటే మబ్బు కమ్మి మధ్యాహ్నానికే మసక చీకటి పడింది. కోడూరు ఇంకా రాకముందే ఒక టీ బడ్డీ దగ్గర ఆపారు. బడ్డీ నడిపే అనసూయమ్మ టీ పొయ్యబోయి, కారు చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ఇది మిల్లు కామందు బండి," అంది నెమ్మదిగా. "డెబ్బై ఏడు ఉప్పెన రోజు ఈ రోడ్డునే పోయాడు. ఎక్కించుకోమని జనం బండికి వేలాడారు. తలుపు పట్టుకున్నవాళ్ళ చేతుల మీదే తలుపేసి కొట్టాడు. అడ్డొచ్చినవాళ్ళని తొక్కించాడు. మా నాన్న ఆ చక్రాల కిందే పోయాడు. నీళ్ళు తీశాక బండి దొరికింది గానీ ఆ కామందు దొరకలేదు. వాన పడకముందే వెళ్ళిపోండి బాబూ."

టీ తాగకుండానే బయల్దేరారు. అయినా దారిలోనే వాన పట్టుకుంది.

మొదట బురద వాసన. తర్వాత ఉప్పు వాసన. ఆ తర్వాత కుళ్ళు వాసన... చేపలది కాదు. డిక్కీ మీద ఎవరో అరచేత్తో చరిచినట్టు ఒక్క దెబ్బ.

"రాయి లేచిందేమో," అన్నాడు ధనుంజయ్.

మళ్ళీ. ఈసారి టాపు మీద. ఆ వెంటనే రెండు పక్కలా, ఒకేసారి, ఎన్నో చేతులు.

వాన తెరలోంచి మనుషులు కనిపించారు. రోడ్డు నిండా. తడిసిన బట్టలు ఒంటికి అంటుకుపోయి, చేతులు చాచి... ప్రేమ్ సాగర్ బ్రేకు తొక్కాననుకున్నాడు. బండి ముందుకు దూకింది. కిందికి చూశాడు. కాలు యాక్సిలరేటరు మీద ఉంది. తీయాలనుకున్నాడు. రాలేదు.

మొదటి మనిషి బానెట్ మీద పడి, ముఖం అద్దానికి కొట్టుకున్నాడు. పళ్ళు రాలి వైపర్ల కింద ఇరుక్కున్నాయి. రెండో మనిషి... మూడో మనిషి... చక్రాల కింద ఎముకలు విరగడం సీట్లోకి తెలుస్తోంది. అద్దమంతా ఎర్రటి నీళ్ళు.

"ఆపు బావా... ఆపు."

ధనుంజయ్ కిటికీ పక్కన ఒక ఆడమనిషి బండితో సమానంగా పరుగెత్తుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఎక్కించుకోండి...

"ఒక్కరినైనా ఎక్కించుకుందాం," అంటూ ధనుంజయ్ తలుపు తీసి చెయ్యి చాచాడు.

"వదలండిరా."

ఆ మాట ప్రేమ్ సాగర్ నోట్లోంచి వచ్చింది. గొంతు తనది కాదు. బొంగురు గొంతు. ముసలిది. తన కుడి చెయ్యి ధనుంజయ్ ఒడి మీదుగా పోయి తలుపు పట్టుకుని లాగింది. సందులో వేళ్ళు పటుక్కుమన్నాయి. చెయ్యి తలుపు తెరిచింది. మళ్ళీ లాగింది. మళ్ళీ... ధనుంజయ్ అరుపులు చెవుల్లో పడుతూనే ఉన్నాయి. చెల్లెలి ముఖం కళ్ళముందు ఆడుతూనే ఉంది. ఆ చెయ్యి ఆగలేదు. ఎడమ చెయ్యి ఒక్కటే ఇంకా తన మాట వింటోంది. దాంతో స్టీరింగు పక్కకి తిప్పేశాడు.

కారు కల్వర్టు గోడని గుద్దుకుని ఆగింది.

వాన తగ్గింది. రోడ్డు ఖాళీ. బానెట్ నుజ్జయింది గానీ దాని మీద చుక్క రక్తం లేదు. ఉన్నదంతా ధనుంజయ్ పక్క తలుపు మీదే. ప్రేమ్ సాగర్ తలుపు సందులో చేతికి తగిలినవన్నీ ఏరి ప్లాస్టిక్ కవర్లో వేశాడు. అటుగా వచ్చిన ఆటోలో ధనుంజయ్‌ని అవనిగడ్డ ఆసుపత్రికి చేర్చాడు.

కవరు లోపలికి తీసుకెళ్ళిన నర్సు దయామణి కాసేపటికే బయటికి వచ్చింది.

"ఆయనకి తెగింది రెండు వేళ్ళేనండీ," అంది గొంతు తగ్గించి. "కారులో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మేమిద్దరమే."

ఆమె చేతిలోని ట్రే కిందికి దించి చూపించింది. ధనుంజయ్ వేళ్ళ పక్కన మూడో వేలు ఉంది. చిన్నపిల్లది. గోటికి గోరింటాకు అప్పుడే కడిగినట్టు ఎర్రగా ఉంది. తెగిన చోట రక్తం ఇంకా కారుతోంది.